మొరం మలుపు, ముందు టైరు

ఇరవై రెండేళ్లు రైళ్లు నడిపాను గాని, ఒక్క మలుపు కూడా నేను తిప్పలేదు. ఈ మాట అంటే బయటివాళ్లు నవ్వుతారు. ఇంజన్‌లో స్టీరింగ్ ఉండదని చాలామందికి తెలియదు. తిప్పేది పట్టా. వంపులో బండి ఎంత ఒరగాలన్నది కూడా లైను వేసినవాళ్లే ముందుగా తేల్చి, బయటివైపు పట్టాను కాస్త ఎత్తుగా పెడతారు. లోకో పైలట్ చూసుకోవాల్సింది వేగం, సిగ్నలు, బ్రేకు. కోర్బా వైపు నుంచి బొగ్గు బళ్లు తెస్తూ, తర్వాత పాసింజర్లు నడుపుతూ ఎన్ని వంపులు దాటానో లెక్కలేదు. అందులో ఒక్కటీ నా చేతి పని కాదు.

అందుకే నలభై ఏడో ఏట మొట్టమొదటిసారి ఒక మలుపు నా చేతికి వచ్చినప్పుడు, దాన్ని వదులుకోమని ఇంటిల్లిపాదీ చెప్పినా నేను వినలేదు. ఇప్పటికీ వినను.

ముందు కన్ను సంగతి చెప్పాలి. రైలు నడిపేవాళ్లకు కొన్నేళ్లకోసారి కళ్లు, గుండె, చెవులు పరీక్ష చేస్తారు. అలాంటి ఒక పరీక్షలో నా ఎడమ కన్ను తప్పింది. చూపు పూర్తిగా పోలేదు. మనిషి మనిషిలాగే కనిపిస్తాడు, మొహం మధ్యలో మాత్రం కాస్త మబ్బు. కానీ రైలు నడిపే కంటికి ఆ కాస్త కూడా పనికిరాదు. డాక్టరు మర్యాదగానే చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. మా రైల్వే కాలనీలో దీన్ని డీకేట్ అవడం అంటారు. అలా అయినవాణ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యరు, కుర్చీ ఇస్తారు. నాకు క్రూ లాబీలో కుర్చీ ఇచ్చారు. డ్యూటీకి వెళ్లే పైలట్లందరూ వచ్చి నమోదు చేసుకునేది అక్కడే. నిన్నటిదాకా నాతో బండి ఎక్కినవాళ్లు పెట్టె పట్టుకుని వస్తారు, తాగలేదని తేల్చే యంత్రంలో ఊదుతారు, వేలు ఆనిస్తారు, వెళ్లిపోతారు. నేను సరే అంటాను. మొదటి వారం రోజూ ఇంటికొచ్చి స్నానాల గదిలో నీళ్లు తిప్పి ఏడ్చాను. తర్వాత ఏడుపు పోయి కోపం మిగిలింది.

కోపం కన్ను మీద కాదు. కన్ను పోవడంతోనే నా మిగతా ఒళ్లంతా పోయినట్టు జనం ప్రవర్తించడం మీద. కాలనీలో ఎదురైనవాళ్లు నా మొహం ముందు రెండు వేళ్లు ఆడించి ఎన్ని అని అడిగేవాళ్లు. మా ఆవిడ నన్ను కత్తిపీట ముట్టుకోనివ్వలేదు. కూరగాయల బజారుకు వెళ్తే వెనకాలే వచ్చి, రోడ్డు దాటేటప్పుడు జబ్బ పట్టుకునేది.

ఒంటికి వ్యాయామం కావాలి, నడవండి అన్నాడు డాక్టరు. నేను వెళ్లి సైకిలు కొన్నాను. మామూలు సైకిలు కాదు, లావు టైర్లూ, గేర్లూ, ముందు ఫోర్కులో స్ప్రింగులూ ఉన్న మౌంటెన్ బైకు. ఇంటి ముందు దాన్ని ఆనించగానే మా ఆవిడ చెంగు బిగించి బయటికి వచ్చింది.

"నడమన్నారు గాని ఎగరమన్నారేటి డాక్టరుగారు?"

"ఎగర్ను. తొక్కుతాను," అన్నాను.

గతౌరా స్టేషను దాటాక, లైనుకు కాస్త ఎడంగా, మొరం తవ్వుకుని వదిలేసిన గుట్ట ఒకటి ఉంది. లారీలు దిగడానికి వేసిన బాట దాని చుట్టూ తిరిగి కిందికి వస్తుంది. ఇంజన్‌లోంచి ఆ ఎర్ర బాటను ఏళ్ల తరబడి చూశాను. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ దిగుతుంటే, ఆ డ్రైవరు చేతులు చక్రం మీద తిరగడం చూసి, నాకు ఎందుకో అసూయగా ఉండేది. సైకిలు వచ్చాక నేను నేరుగా అక్కడికే వెళ్లాను. బాట సగం దిగాక ఎడమకు తిరిగే పెద్ద మలుపు వస్తుంది. కింద నేల గట్టిగా ఉంటుంది, పైన సన్నటి మొరం గుళ్లు పరుచుకుని ఉంటాయి. గచ్చు మీద శనగలు పోసి నడవమన్నట్టు ఉంటుంది.

మూడో ఆదివారం అక్కడే పడ్డాను. ఎలా పడ్డానో చెబితే, రైల్వేవాడు తప్ప ఇంకెవడూ అలా పడడని మీరే ఒప్పుకుంటారు.

ఇంజన్ ఎక్కగానే మేం మొదట చూసేది బ్రేకు పైపు గాలి. ముల్లు ఐదు కిలోల మీద ఉండాలి. ఐదు ఉంటే బండి మన మాట వింటుంది, తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఇరవై రెండేళ్లు ఆ ముల్లును చూసి చూసి, గాలి అంటే ఐదు అన్నది నా నెత్తురులోకి ఎక్కింది. సైకిలు పంపుకు గేజీ ఉంది. టైరు పక్కన ఎంత కొట్టాలో ఏదో అచ్చు ఉంది గాని, నల్ల రబ్బరు మీద నల్ల అక్షరాలు నా కంటికి ఆనలేదు. ఎవరినైనా చదవమని అడగొచ్చు. అడగడానికి నామోషీ అయింది. రెండు టైర్లకూ ఐదు కిలోలు కొట్టాను. ముల్లు ఐదు మీద నిలబడితే మనసుకు హాయిగా ఉంది కూడా.

అది చాలనట్టు మలుపులో మొరం ఇసుకలా పేరుకున్న వైపు చూసి మరీ తిప్పాను. ఎందుకంటే ఇంజన్ చక్రం జారినప్పుడు మేం చేసేది అదే. చక్రాల ముందు గొట్టాలు ఉంటాయి, మీట నొక్కితే పట్టా మీద ఇసుక పడుతుంది, చక్రం పట్టు దొరికించుకుంటుంది. ఇసుక అంటే పట్టు. అలాగని నా చేతులకు తెలుసు. ఉక్కు చక్రం కింద ఇసుక నలిగి పిండైపోతుంది, రబ్బరు చక్రం కింద దొర్లుతుంది అన్న తేడా మోచేతి మీద తోలు ఊడిన తర్వాత తెలిసింది. ముందు చక్రం ఒక్క క్షణం కూడా హెచ్చరించలేదు. నేను ఎడమకు తిప్పాను, అది నేరుగా పోయింది, నేను కింద ఉన్నాను. ఎముకలు విరగలేదు. తుంటి నల్లగా కమిలింది, ఎడమ చెయ్యి పదిహేను రోజులు మెడకు వేలాడింది.

ఇంట్లో తీర్పు కావడానికి మాత్రం పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఊళ్లోనే కుదుదండ్‌లో ఇల్లు కట్టుకున్న మా బావను, అంటే మా ఆవిడ అన్నగారిని, ఆవిడ ఫోన్ చేసి పిలిపించింది. ఆయన షెడ్‌లో వీల్ లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. అరిగిన ఇంజన్ చక్రాలను లేత్ మీద తిప్పి, గాటూ గీతా లేకుండా నున్నగా చెక్కడం ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన చెయ్యి పెట్టి తడిమి పాసు చేస్తే, ఇక ఆ చక్రాన్ని ఎవరూ మళ్లీ చూడక్కర్లేదని పేరు.

"నాను సెప్పినానా నేదా అన్నియ్యా?" అంది మా ఆవిడ. "కన్నొకటి పోనాది. ఇప్పుడు కాళ్లూ సేతులూ కూడా పోగొట్టుకుంటారట."

"బావా," అన్నాడు ఆయన నా మంచం పక్కన కూర్చుని, "ఆ సైకిలు నాకిచ్చీ. మా ఇంట్లో పడుంటాది. నువ్వు నడు. ఈ వయసుకి నడిస్తే సాలు."

"నా తప్పు కాదు బావా. టైరు జారింది."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట, నీలాంటోడే."

"నేర్సుకుంటాను."

"మొక్కై వొంగనిది మానై వొంగుతాదేటి?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. సామెత చెప్పినందుకు కాదు, ఆ మొహంలో జాలి చూసి. డాక్టరు మొహంలోనూ, లాబీలో నా పాత జతగాళ్ల మొహాల్లోనూ అదే జాలి. సైకిలు ఇచ్చేస్తే నేను ఈ జన్మకు కుర్చీలో మనిషినే. అది పోతే నాదనేది ఇంకేమీ మిగలదని, ఆ మంచం మీద పడుకుని ఉండగా నాకు స్పష్టంగా అర్థమైంది.

"చెయ్యి బాగయ్యాక నెల్రోజులు టైమియ్యి," అన్నాను. "అదే మలుపు, మీ ఇద్దరి ముందరా తిరుగుతాను. పడితే సైకిలు నువ్వే పట్టుకుపో. నాను నోరెత్తను."

"అచ్ఛా," అంది మా ఆవిడ. "మాట మీద ఉంటారు గదా?"

"ఎప్పుడైనా తప్పినానేటి?"

తప్పలేదు. అది ఇద్దరికీ తెలుసు. అందుకే ఒప్పుకున్నారు.

చెయ్యి మెడ నుంచి కిందికి దిగిన రోజే సైకిలు నడిపించుకుంటూ బజారులో సైకిలు మిస్త్రీ దగ్గరకు వెళ్లాను. ముసలాయన, ఛత్తీస్‌గఢీవాడు, నలభై ఏళ్లుగా అదే చెట్టు నీడన అదే కొట్టు. టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు. ఇంకోసారి నొక్కాడు.

"టైర్ నహీ, పత్థర్ హై," అన్నాడు. ఇది టైరు కాదు, రాయి అని.

పక్కన ఉన్న అచ్చు చదివాడు. నేను కొట్టిన గాలి, దాని మీద ఇంతకు మించి వద్దని రాసినదానికంటే ఎక్కువ. ఐదు కిలోల సంగతి చెప్పాను. ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. "యే రేల్‌గాడీ నహీ హై, సాబ్." ఇది రైలుబండి కాదు బాబూ. నాకు రోషం వచ్చింది గాని ఆయన అన్నది నిజమే.

గాలి నిండుగా ఉన్న టైరు నేల మీద సన్నటి గీతలా ఆనుతుంది, రాయి తగిలితే ఎగురుతుంది. గాలి తగ్గితే టైరు కాస్త పరుచుకుని, కింద ఉన్న గుళ్లను లోపలికి తీసుకుంటుంది. మరీ తగ్గితే అంచు మీద ఊగిసలాడుతుంది, ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి రెండు కన్నాలు పడతాయి. ఎక్కడ ఆపాలో బరువును బట్టీ నేలను బట్టీ ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. ఈ మాట నాకు నచ్చింది. ఉద్యోగంలో ఇలా ఎవరికి వాళ్లే తేల్చుకునేది ఒక్కటీ లేదు.

కాలనీలో పాత క్వార్టర్లు కూలగొట్టిన చోట మొరం పరిచిన ఖాళీ జాగా ఉంది. సాయంత్రం డ్యూటీ దిగి అక్కడికే పోయేవాణ్ని. రెండు ఇటుకలు పెట్టుకుని వాటి చుట్టూ ఎడమకు తిరిగేవాణ్ని. ఐదు నుంచి మూడున్నర, మూడు, రెండున్నర. రెండు దగ్గర టైరు మొదటిసారి నేలను వినడం మొదలుపెట్టింది. చివరికి ముందు టైరుకు ఒకటిన్నర మీద కాస్త, వెనక టైరుకు రెండుకు కాస్త తక్కువ దగ్గర ఆగాను. ముల్లు అంత కిందికి దిగి ఉండటం చూస్తే మొదట్లో నా చెయ్యి దానంతటదే పంపు మీదికి పోయేది. ఆ గాలితో ఏ బండీ స్టేషను దాటదు.

గాలితోనే అయిపోతే బాగుండేది. వేగం పెంచితే మళ్లీ జారింది. సైకిలుతో వచ్చిన టైరుకు మధ్యలో ఒక గట్టి కట్టలాగా ఉంది, అంచుల్లో పేరుకు మాత్రం చిన్న చిన్న గుబ్బలు. తిన్నగా పోవడానికి భేషుగ్గా ఉంటుంది. ఒరిగితే పట్టుకునేది అంచు, ఆ అంచులో ఏమీ లేదు.

మిస్త్రీ మూడు టైర్లు తీసి నేల మీద పరిచాడు. ముందు చక్రానికి మార్చు చాలు అన్నాడు. వెనకది జారితే తొక్కేవాడికి తెలుస్తుంది, సర్దుకోవడానికి ఒక ఘడియ దొరుకుతుంది, ముందుది జారితే తెలిసేలోపు నేల మీద ఉంటావు అన్నాడు. అది నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మూడింటినీ ముట్టుకుని చూశాను. నా కంటికంటే నా వేళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒకదాని గుబ్బలు పొడుగ్గా ఉన్నాయి గాని సన్నగా ఉండి వేలితో తోస్తే వాలిపోయాయి. ఇంకోదాని రబ్బరు గోరు దిగనంత గట్టి. మూడోదాని అంచు గుబ్బలు ఎత్తుగా, నలుచదరంగా, మొదలు దగ్గర లావుగా ఉన్నాయి. గోరు గుచ్చితే గుంట పడి మెల్లగా పూడింది. మధ్య వరసకూ అంచు వరసకూ నడుమ ఖాళీ ఉంది. ఒరిగినప్పుడు అంచు ఒక్కటే దిగబడాలంటే ఆ ఖాళీ కావాలట. పాతదానికంటే లావు టైరు. ఫోర్కులో పడుతుందా అని వేలు పెట్టి చూశాను. రెండు పక్కలా వేలు దూరింది. అదే బిగించాను.

వెనక టైరును ముట్టుకోలేదు. బండిలో లోపం వెతికేటప్పుడు ఒకేసారి రెండు సామాన్లు మార్చకూడదు. మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అది మా పాఠం.

కొత్త టైరు బాగానే పట్టింది, కానీ గుబ్బలు కొత్తవి కదా, బిర్రుగా ఉండి మొరం గుళ్ల మీద ఎక్కి నిలబడేవి. కొండల్లో తొక్కేవాళ్లు గుబ్బలకు బ్లేడుతో గాట్లు పెడతారని, గాటు పడితే గుబ్బ కాస్త విచ్చుకుని నేలను పట్టుకుంటుందని మిస్త్రీ చెప్పాడు. వరండాలో పీట వేసుకుని, చక్రం ఒళ్లో పెట్టుకుని, సబ్బు నీళ్లలో ముంచిన గడ్డం బ్లేడుతో మొదలుపెట్టాను. ఒక గాటు మంచిదైతే లోతు గాటు ఇంకా మంచిదనుకున్నాను. మర్నాడు ఇటుకల దగ్గర నాలుగు చుట్లు తిరిగేసరికి రెండు గుబ్బలు అడుగంటా చీలి తోలులాగా వేలాడాయి. ఇంటికి వచ్చి, చక్రం ముందు పెట్టుకుని, తల పట్టుకుని కూర్చున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. సైకిలు గురించి ఆవిడ మాట్లాడటం మానేసి అప్పటికి రెండు వారాలు.

"ఏటి కోస్తన్నారు, వొంకాయలా?"

"నువ్వెల్లు."

ఆవిడ వెళ్లలేదు. వంగి, చీలిన గుబ్బను వేలితో ఇటూ అటూ కదిపింది. "గుత్తొంకాయ కోసినపుడు తొడిమ దాకా కోసీస్తామేటండీ? సగంలో ఆపాల. నేదంటే కాయ ఇడిపోతాది, కూర కలిసిపోతాది." అంతే చెప్పి లోపలికి పోయింది.

సగంలో ఆపాను. అంచు వరసలో ఒక గుబ్బ విడిచి ఒక గుబ్బకు, చక్రం తిరిగే దారికి అనువుగా, ఒక్క గాటు. బ్లేడు మీద లోతుకు గుర్తుగా దారం చుట్టుకున్నాను. చీలిన రెండింటినీ మొదలంటా కత్తిరించేశాను. మధ్యలో ఒకరోజు బావ వచ్చాడు. నా ఒళ్లో చక్రం, చేతిలో బ్లేడు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ముప్పైయేళ్లు సక్రాల మీద గాట్లు తీసీడానికే నా నడుం పోనాది. ఎట్టి మరీ గాట్లెట్టినోణ్ని నాను ఎక్కడా సూడ్నేదు."

"నీది ఉక్కు బావా. ఇది రబ్బరు."

"సక్రం సక్రమే," అన్నాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన బాధ నిజమైనదే. నాకు నవ్వు మాత్రం ఆగలేదు.

మిగిలినది నా ఒళ్లు. మలుపులో బండి ఎటు ఒరిగితే అటు కదలకుండా కూర్చోవడం ఇరవై రెండేళ్ల అలవాటు. సైకిలు మీద అలా కూర్చుంటే పడతాం. సైకిలును ఒరగనిచ్చి మనిషి దాని మీద నిలబడాలి. బయటివైపు కాలు కిందికి దించి ఒంటి బరువంతా దాని మీద మోపాలి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు బయటికి వచ్చే చోట ఉండాలి. ఎడమ మలుపులో నా మబ్బు కన్ను లోపలివైపు ఉంటుంది. చాలా రోజులు అదే దెబ్బ తీసింది. తర్వాత ఒకనాడు, గడ్డం భుజం మీదికి వచ్చేదాకా మెడ తిప్పాను. కుడి కన్ను వచ్చి ఆ మలుపునంతా చూసింది. మెడ తిప్పితే చాలు. ఇంత చిన్న సంగతి ఆ ఆసుపత్రిలో ఒక్కరూ నాకు చెప్పలేదు. ఏమేం చేయకూడదో మాత్రం కాగితం నిండా రాసిచ్చారు.

చెప్పిన ఆదివారం పొద్దున్నే గుట్ట దగ్గరకు వెళ్లాను. బావ స్కూటరు మీద మా ఆవిడను ఎక్కించుకుని వచ్చాడు. ఆవిడ చేతి సంచిలో నీళ్ల సీసా, దూది, గాయాల మందు ఉన్నాయి. నా మీద నమ్మకం ఎంతుందో ఆ సంచి చూస్తే తెలిసింది. బావ వెళ్లి మలుపు బయటి అంచున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చక్రం పాసు చేయడానికి వచ్చినవాడిలాగే ఉన్నాడు.

మొదటిసారి దిగాను. మలుపు వచ్చింది, ఒరిగాను, తిరిగాను, బయటికి వచ్చాను. పడలేదు.

"కాషన్ ఆర్డరున్న గూడ్సులాగొచ్చినావు," అన్నాడు బావ. "ఆ ఏగానికి మాయమ్మ కూడా పడదు."

సైకిలును మళ్లీ పైకి తోసుకుంటూ వెళ్లాను. రెండోసారి బ్రేకు ముందే పట్టి, మలుపులోకి రాకముందే వదిలేశాను. ఒరగగానే అంచు గుబ్బలు మొరంలోకి దిగడం నా అరచేతులకు తెలిసింది. చిన్నగా, కరకరమని. ముందు చక్రం నేను చూసిన చోటికి వెళ్లింది. అటే వెళ్లింది! పట్టా తీసుకుపోతే కాదు, నేను తిప్పితే. నలభై ఏడేళ్లకు దొరికిన ఆ సంతోషం ఎలాంటిదో నేను చెప్పలేను. గొంతులోంచి ఏదో కేక వచ్చింది. కింద ఆగాక చూస్తే మా ఆవిడ చెయ్యి నోటి మీద ఉంది.

"సాలండీ, గెలిసినారు గదా," అంది. "రండి, ఎల్లిపోదాం."

ఆవిడ అన్నది నిజం. అక్కడితో ఆపితే సైకిలు నాది. బావ చేతులు మాత్రం ఇంకా నడుం మీదే ఉన్నాయి. కానీ ఆ మలుపులో ఇంకా మిగిలి ఉందని నాకు తెలుసు. పడకుండా ఉండటం కోసమే అయితే నేను కుర్చీలో కూర్చుంటే సరిపోయేది. మూడోసారి ఎక్కాను.

ఈసారి బ్రేకు దాదాపు ముట్టుకోలేదు. ముందు చక్రం పట్టింది. నిక్కచ్చిగా పట్టింది. వెనక చక్రం మెల్లగా బయటికి జరగడం నడుముకు తెలిసింది. మిస్త్రీ చెప్పిన ఆ ఘడియ నాకు దొరికింది కూడా. దాన్ని వాడుకోవడం నాకింకా రాదు. మరుక్షణం ఎర్ర దుమ్ములో బోర్లా ఉన్నాను, పాత గాయం మీదే మళ్లీ తోలు ఊడింది.

నేను లేచి కూర్చునేలోపే బావ వచ్చి సైకిలును లేపి హ్యాండిలు పట్టుకున్నాడు. కోపంగా లేడు. జాలిగానే ఉన్నాడు. "అయిపోనాది బావా. మాటంటే మాట. నాను తీసుకుపోతాను."

నేను కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి వెనక చక్రం పట్టుకున్నాను.

"ఇవ్వను."

"పడినావు గదా!"

"పడినాను. మాట తప్పుతున్నాను. ఊరంతా సెప్పుకో, నాకేటీ నేదు. ఇవ్వను."

నేను మాట తప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు, నేనూ చూడలేదు. సిగ్గు వేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు.

"రైల్లో నా ఎనకాల జనముండీవోలు. అందికే కన్ను పోనాదంటే మారుమాటాడకుండా సంతకం ఎట్టినాను. ఈ సైకిలెనకాల ఎవులున్నారు బావా? పడితే నానొక్కణ్నే పడతాను. నా పడ్డం కూడా మీరే వొద్దంటే నాకింక మిగిలిందేటి?"

బావ హ్యాండిలు వదల్లేదు. నేను చక్రం వదల్లేదు. సైకిలు మా ఇద్దరి మధ్యా అలాగే ఆగింది. ఆయన మా ఆవిడ వైపు తిరిగాడు, తీర్పు అక్కడి నుంచి రావాలన్నట్టు.

ఆవిడ మా దగ్గర లేదు. మలుపులో వంగి నేల చూస్తోంది. మొరంలో నా చక్రాలు గీసిన గీతల వెంట మెల్లగా నాలుగడుగులు నడిచింది.

"ముందు సక్రం గీత ఎక్కడా తెగనేదు," అంది. "ఎనకదే సెదిరిపోనాది."

తర్వాత వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, నీళ్ల సీసా మూత తీసి మోచేతి మీద పోసింది. దూదితో మట్టి తుడిచింది. గట్టిగానే తుడిచింది.

"మండుతందా?"

"ఆఁ."

"మళ్లీ ఎక్కుతారా?"

"ఎక్కుతాను."

ఆవిడ ఎర్ర నీళ్లు కారుతున్న దూదిని పిండి, సీసా మూత బిగించి, లేచి నిలబడింది.

"అన్నియ్యా, సైకిలొగ్గీ," అంది. "నువ్వు కూడా ఆ మలుపులో నిలబడకు. ఆయనొచ్చే దారికి అడ్డం."